ముత్యాలమ్మ డిక్టేషన్

ముత్యాలమ్మ ఇంగ్లీషు మాట్లాడింది. హుజూర్‌నగర్‌లో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. శ్రావణ మాసంలో బోనాల నాడు, ఏడో తరగతితో చదువు ఆపేసిన ఒక ఇల్లాలి నోట అమ్మవారు ఇంగ్లీషులో పలికిందని, వాన వచ్చిందని చెప్పిందని, చెప్పినట్టే మర్నాడు వాన కురిసిందని అంటారు. చెప్పేవారిలో సగంమంది ఆ రోజు అక్కడ లేరు. ఉన్న సగానికి ఇంగ్లీషు రాదు. అయినా నమ్మకంలో ఎక్కడా లోటు లేదు.

ఆ ఇల్లాలు నా భార్య చంద్రమ్మ.

నేను గరిడేపల్లి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎట్లా కారుతుందో, కొబ్బరికాయ తనంతట తాను ఎట్లా అంటుకుంటుందో సంతల్లో, బడుల్లో చేసి చూపించి, ఇందులో మహిమ ఏమీ లేదని చెప్పడం నాకు అలవాటు. అటువంటివాడి ఇంటిని అమ్మవారు ఏరి కోరి ఎంచుకోవడం ఊరికి పెద్ద వినోదమైంది. కిరాణా కొట్టులో నేను చక్కెర అడిగితే, కొట్టతను తూకం వేస్తూ, "సారు అమ్మను నమ్మకపోతే ఏమాయె, అమ్మ సారును నమ్మింది" అన్నాడు. చుట్టూ ఉన్నవారు మర్యాదగా నేల చూపులు చూస్తూ నవ్వారు.

జరిగింది ఇది. ఆ ఏడు సాగర్ కాలువకు నీళ్లు వదలలేదు. నారుమళ్లు ముదిరి పసుపు తిరుగుతున్నాయి. ఊళ్లో ఆడవాళ్లందరూ ఎప్పటికంటే నిష్ఠగా బోనాలు చేశారు. చంద్రమ్మకు చాలా కాలంగా చక్కెర వ్యాధి ఉంది. ఆ పొద్దున ఆమె నా కోసం మాత్ర వేసుకుంది, అమ్మవారి కోసం ఉపవాసం ఉంది. శాస్త్రాన్నీ భక్తినీ ఒక్క పూటలో సంతోషపెట్టాలనుకున్న మనిషి ఒంట్లో చక్కెర పడిపోవడం సహజం. నెత్తిన బోనంతో, డప్పుల వెనుక, ఎండలో నడిచి గుడి మెట్ల దగ్గర కూలబడింది.

నేను గుడి దాకా వెళ్లను. వీధి మొగలో సైకిల్ షాపు నీడన నిలబడి ఉన్నాను. డప్పులు ఒక్కసారిగా ఆగడంతో పరుగెత్తాను. ఆమె జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి, చూపు ఎక్కడో ఉంది. పెదవులు కదులుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు చేతులు జోడించి నిలబడ్డారు. మా పక్కింటి అంజమ్మ నాకు అడ్డం వచ్చింది.

"ముట్టకు సారూ. అమ్మ మీదికొచ్చింది."

ఆమెను పక్కకు తప్పించి, ఎవరో పట్టి దించిన బోనం కుండలోని బెల్లపు అన్నం గుప్పెడు తీసి చంద్రమ్మ నోట్లో పెట్టాను. కాసేపటికి ఆమె కళ్లు నన్ను గుర్తుపట్టాయి. అమ్మవారు నైవేద్యం ఆరగించి శాంతించిందని వెనుక ఎవరో అన్నారు. నేను ఆమెను సూర్యాపేటలో ఒక దవాఖానకు తీసుకుపోయాను. ఇటువంటి స్థితిలో మెదడు ఏ మూలనో పడి ఉన్న పాత మాటను బయటికి తోస్తుందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఇంకొకసారి ఇట్లా జరిగితే తిరిగి లేవకపోవచ్చని కూడా చెప్పాడు. నాకు రెండు మాటలూ అర్థమయ్యాయి. మొదటిది నన్ను అంతగా పీడిస్తుందని అప్పుడు తెలియదు.

దవాఖానకు చూడవచ్చినవారు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పారు. అమ్మ గర్జించిందని ఒకరు, కన్నీళ్లు పెట్టుకుందని ఒకరు, చెవిలో చెప్పినట్టు గుసగుసలాడిందని ఇంకొకరు. నేను అందరికీ ఒకే జవాబు చెప్పాను.

"అన్నది. అంతే. గర్జించుడు, ఏడ్చుడు మీరు పెట్టుకున్నయి. చెవికి అందింది మాట ఒక్కటే."

"ఏమన్నదో జర నువ్వన్న చెప్పరాదయ్యా" అని చంద్రమ్మ మంచం మీది నుంచి అడిగింది. ఆమెకు ఏమీ గుర్తు లేదు.

నాకూ అప్పటికి తెలియదు. మా తమ్ముడి కొడుకు శ్రీను ఆ రోజు ఆమె తలపై గొడుగు పట్టుకొని నడిచాడు. అందరి ఫోన్లలోనూ డప్పులూ కేకలే పడ్డాయి. ఆమె పక్కనే ఉన్న శ్రీను ఫోన్‌లో మాత్రం మాట స్పష్టంగా పడింది. దాన్ని నా ఫోన్‌కు పంపించి, తన దాంట్లో తీసేయమన్నాను. నా మాట విన్నాడు. దవాఖాన వసారాలో ఒక్కణ్ణే కూర్చొని ఫోన్ చెవికి ఆనించుకొని విన్నాను.

"ఓపెన్ ఇన్వర్టెడ్ కామాస్... ద రెయిన్ హ్యాజ్ కమ్... కామా... క్లోజ్ ఇన్వర్టెడ్ కామాస్... సెడ్ ద ఫార్మర్... ఫుల్‌స్టాప్. ఓపెన్ ఇన్వర్టెడ్ కామాస్... దెన్ షట్ ద డోర్... కామా... క్లోజ్ ఇన్వర్టెడ్ కామాస్... సెడ్ హిజ్ వైఫ్... ఫుల్‌స్టాప్."

వాన వచ్చిందని రైతు అన్నాడు. అయితే తలుపు వేయమని పెళ్లాం అన్నది. ఏ దేవతా కామాలు చెప్పి మరీ పలకదు. ఇది డిక్టేషన్. ఎవరో పిల్లలకు సంభాషణ రాయడం నేర్పుతూ, మాటకు ముందు వెనుక పెట్టవలసిన గుర్తులతో సహా చదివి రాయించిన పాఠం. మహిమ గుట్టు విప్పినప్పుడు నాకు ఎప్పుడూ కలిగే సంతోషం కలిగింది. దవాఖాన టీ ఒకటి తాగి ముగించేసరికి ఆ సంతోషం పోయింది. పాఠం ఎవరిదో తట్టింది.

జోసెఫ్ నాతోపాటు గరిడేపల్లిలో ఇంగ్లీషు చెప్పేవాడు. కోదాడ మనిషి. మేము చిన్న వయసులో ఉండగా ప్రతి ఎండకాలం మా ఇంటి ముందు గది కిరాయికి తీసుకొని ట్యూషన్ నడిపేవాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు సగం మూసి, గుడిగంట మోగినట్టు డిక్టేషన్ చెప్పేవాడు. ఆ గదికీ మా నడిమింటికీ మధ్య ఒక పరదా. పరదాకు ఇవతల చంద్రమ్మ పచ్చడికి మామిడికాయలు కోస్తూ ఉండేది.

అదే ఇంట్లో నేను ముప్పై ఏళ్లకు పైగా మాట్లాడాను. గ్రహణం ఎట్లా పడుతుందో లాంతరు, బత్తాయి పెట్టి ఆమెకు చూపించాను. కుక్కర్‌లో పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుందో చెప్పాను. ఒంట్లో చక్కెర అడుగంటి, తన పేరు కూడా తనకు తెలియని క్షణంలో, ఆమె లోపలి నుంచి వాటిలో ఒక్క ముక్క రాలేదు. జోసెఫ్ కామా వచ్చింది. జోసెఫ్ ఫుల్‌స్టాప్ వచ్చింది.

ఇంటికి వచ్చాక జనం మొదలయ్యారు. సర్కారు బడులు ఇంగ్లీషు మీడియంలోకి మారిన నాటి నుంచి ప్రతి తల్లికీ ఇంగ్లీషు ఒక గండం. పిల్లల్ని తీసుకువచ్చి చంద్రమ్మతో నెత్తిన చెయ్యి పెట్టించుకునేవారు. "నాకు షుగర్ పడిపోయిందమ్మా, ఇంకేం లేదు" అని ఆమె చెబితే, అమ్మవారు ఎక్కిన మనుషులు ఇట్లాగే అణగి ఉంటారని మెచ్చుకునేవారు. మా సైన్సు సంఘం మిత్రులు, సభ పెట్టి వివరించాలని ఫోన్లు చేశారు. ఒంట్లో బాగాలేదని తప్పించుకున్నాను.

నిజం చెప్పాలంటే జోసెఫ్ పేరు చెప్పాలి. నా భార్య మనసు అడుగున ఇంకొకరి గొంతు ఉందని, మైకు ముందు నిలబడి నేనే ఊరికి రుజువు చేయాలి. దాని కంటే ముత్యాలమ్మే నయమనిపించింది. జీవితంలో మొదటిసారి నాకు ఒక దేవతతో పని పడింది.

ఒక మధ్యాహ్నం, ఆమె బియ్యం చెరుగుతుంటే, మామూలుగా అడుగుతున్నట్టు జోసెఫ్ ట్యూషన్ గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేమయ్యా. ఏం గొంతు అది. జోలపాట పాడినట్టే ఉండేది" అన్నది, చేట ఆపకుండానే.

ఆ జోలపాట నన్ను చాలా రోజులు నిద్రపోనీయలేదు. ఆ వారంలోనే నేను ఆమె చేసిన మామిడికాయ పచ్చడి వద్దన్నాను. ఎందుకని అడిగితే బీపీ అన్నాను.

వాన ఆ ఒక్క రోజే కురిసింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని ముందే పేపర్లో వచ్చింది, ఆ సంగతి ఎవరికీ అక్కరలేదు. కాలువ మాత్రం ఎండే ఉంది. అంజమ్మ, మరికొందరు ఒక నిర్ణయానికి వచ్చారు. శ్రావణం చివరి ఆదివారం చంద్రమ్మ మళ్లీ ఉపవాసం ఉండి గుడి ముందు కూర్చోవాలి, కాలువకు నీళ్లు ఎప్పుడొస్తాయో అమ్మను అడగాలి.

"పోనని చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పాలె? పొలాలు ఎండుతున్నయని ఆడోళ్లు ఏడుస్తున్నరు. అది అమ్మ మాట గాదని నాకు తెలిస్తే, గాదని మొఖం మీదనే చెప్త. తెల్వకుంట గాదంటే పాపం గాదా?"

"డాక్టర్ ఏం చెప్పిండు?"

"యాదికున్నది. అందుకే నిన్ను అడుగుతున్న. నీ ఫోన్ల ఉన్నదట గద నేనన్నది. శ్రీను చెప్పిండు. నా నోటి మాట నాకు వినిపిస్తే నీ సొమ్మేం బోతది?"

వినిపిస్తానని అన్నాను. వినిపించలేదు. ఆ మాటలు చెవిన పడగానే ఆమె ముఖం ఎట్లా విచ్చుకుంటుందో దగ్గరుండి చూడవలసి వస్తుంది. ఆమె ప్రాణానికి ముప్పు ఉందని తెలుసు. చెప్పవలసిన మాట నా జేబులోనే ఉందని తెలుసు. అయినా చెయ్యి రాలేదు. శనివారం దాకా అట్లాగే గడిపి, ఆ పొద్దున మిర్యాలగూడ బస్సెక్కాను. చెప్పక తప్పనప్పుడు, ముందు జోసెఫ్ నోటితోనే ఒప్పించుకొని రావాలనుకున్నాను. పాఠం నాదే అని అతడంటే, ఆ సాక్ష్యంతో ఇంటికి వచ్చి చెప్పేద్దామని.

జోసెఫ్ భార్య పోయాక మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నాడు. వీధి చివర రైస్ మిల్లు. ధాన్యం లారీలు మలుపు తిరిగినప్పుడల్లా ఊక దుమ్ము లేచి వసారా మీద పడుతోంది. చెవికి మిషను వచ్చింది గాని, జుట్టు ఇంకా ఒత్తుగానే ఉంది. అది కూడా నాకు నచ్చలేదు.

"రండి మాస్టారూ. ఎన్నాళ్లకు. చెల్లెమ్మ ఎలా ఉన్నారు? అమ్మవారి సంగతి ఇక్కడ దాకా వచ్చిందండి."

ఫోన్ తీసి అతని చెవి దగ్గర పెట్టాను. కళ్లు సగం మూసి విన్నాడు. ఇంకొకసారి పెట్టమన్నాడు. కళ్లు తెరిచాక అతని ముఖంలో గర్వం కనబడుతుందని ఎదురుచూస్తున్నాను. చిన్న నవ్వు కనబడింది.

"ఇది నాది కాదండి."

"మీ డిక్టేషనే గద."

"నాది కాదు మాస్టారూ. మీరే వినండి. కరువులో ఉన్న రైతు వాన చూసి ఊరికే 'సెడ్' అంటాడా? నా రైతైతే ఎక్స్‌క్లెయిమ్‌డ్, కేకే వేసేవాడు. వాడి పెళ్లాం రిటార్టెడ్, ఎదురు జవాబు చెప్పేది. ఒకరు విస్పర్ చేస్తే ఇంకొకరు గ్రంబుల్ చేసేవాళ్లు. సెడ్ చచ్చిన మాట, రాస్తే మార్కు కోస్తానని పిల్లల్ని బెదిరించేవాణ్ణి. గోడకు ఒక చార్టు కూడా అంటించాను కదండీ, మీ సున్నం పాడైందని మీరు గొడవ చేశారు."

గొడవ నాకు గుర్తుంది. చార్టు నిండా రకరకాల క్రియలు. మనిషి లోపల ఏముందో చూసినట్టు గుసగుసలాడాడనీ గద్దించాడనీ రాయించడం అశాస్త్రీయమని ఆ రోజుల్లో అతనితో వాదించాను కూడా.

"మరి ఎవరిది?" అన్నాను.

అతడు చెవి మిషను సర్దుకున్నాడు. "ఇంతకీ చెల్లెమ్మకు వినిపించారా?" అని అడిగాడు.

లేదన్నాను.

"ముప్పై ఏళ్లు పిల్లలతో ప్రయోగాలు చేయించిన వారు మీరు" అన్నాడు మెల్లగా. "ముందు ఇంటికెళ్లి ఆమెకు వినిపించండి." కూతుర్ని పిలిచి టీ పెట్టమన్నాడు. పాఠం ఎవరిదని మళ్లీ అడిగితే, ముందు వినిపించండి అనే అన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో నా మనసు పోతున్నప్పటి కంటే హీనంగా ఉంది. జోసెఫ్ అయితే, తెలిసిన మనిషి. జోసెఫ్ కాకపోతే ఎవరు? నేరేడుచర్లలో బస్సు ఆగినప్పుడు మా కిరాయిదారులందరినీ వరుసగా తలుచుకున్నాను. చంద్రమ్మ పుట్టింటి వైపు చదువుకున్నవారినీ వదలలేదు. పరదా వెనుక ఆమె, ముందు గదిలో ఎవరో ఒక మనిషి వీపు. ఎంత ప్రయత్నించినా ఆ మనిషి ఇటు తిరగలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వసారాలో అంజమ్మతోపాటు నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. వేపకొమ్మలు, పసుపు, రేపటికి కొత్త చీర. చంద్రమ్మ గడపలో కూర్చొని ఉంది. తెల్లారితే ఉపవాసం. నన్ను చూసి లేచింది.

"యాడికి బోయినవయ్యా చెప్పకుంట?"

"జోసెఫ్ దగ్గరికి."

"ఏం పని?"

నేను చెప్పులు విడవలేదు. అందరి ముందే ఫోన్ తీసి, దాని చప్పుడు పెంచి, ఆ మాటలు పెట్టి ఆమె చేతికిచ్చాను. వసారాలో డప్పుల చప్పుడు, దాని మీదుగా ఆమె గొంతు. అంజమ్మ కళ్లు మూసుకొని దండం పెట్టింది. నేను చంద్రమ్మ ముఖం వైపే చూస్తున్నాను. ఆమె తల ఒక పక్కకు వంచి, పాలవాడి గంట విన్నట్టు విన్నది. 'సెడ్ హిజ్ వైఫ్' దగ్గర ముఖం విచ్చుకుంది. నేను భయపడినట్టే విచ్చుకుంది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది.

"ఓయమ్మ, గిది నువ్వే గదయ్యా."

"నేనా?"

"మరెవరు? సెడ్డు, సెడ్డు అనుకుంట ఇంటి కప్పు లేపినవ్ గద. ఎర్రటి ఎండల వాన పాఠమేందని నేను నవ్వుకున్న గూడ. జోసెఫ్ సార్ చెప్తే నాకు నిద్రొచ్చేది, సగం కాయలు కొయ్యకుంటనే ఒరిగేదాన్ని. నువ్వు చెప్పినప్పుడే నిద్ర లేదు."

"ఎందుకు?"

"నీకు ఇంగ్లీషు సక్కగ రాకపాయె. పిల్లగాండ్లు నవ్వుతరేమోనని భయం. పొద్దున నువ్వు పెరట్ల తిరుగుకుంట బట్టీ పడ్తుంటే, నేను గూడ లోపల్లోపల అనుకునేదాన్ని. నువ్వు మరిచిపోతే పరద ఎనుకనుంచి అందియ్యొచ్చని."

ఆడవాళ్లు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశారు. చంద్రమ్మ ఫోన్ నా చేతికి ఇచ్చి వంటింట్లోకి పోయింది. కంచం తీసిన చప్పుడు వినబడింది. రేపు పొద్దుటి ఇడ్లీకి ఇప్పుడే పప్పు నానబోయాలని తనలో తాను అనుకుంటోంది.

అంజమ్మ వేపకొమ్మలు ఒళ్లోకి తీసుకొని, "ఏంది సారూ, అక్క చెప్పేది నిజమేనా? మరి ముత్యాలమ్మ ఏమన్నట్టు?" అని అడిగింది. నేను చెప్పులు విడిచి, గడప మీద కూర్చొని, ఆమెకు చెప్పాను.

ముత్యాలమ్మ ఏమీ అనలేదు. ఒక ఎండకాలం జోసెఫ్ తండ్రికి పక్షవాతం వచ్చి, సెలవులన్నీ అతడు కోదాడలోనే ఉన్నాడు. నేనే మరిచిపోయాను గాని, అతని బదులు మా ముందు గదిలో పిల్లలకు డిక్టేషన్ చెప్పింది నేను.